కొలిమి బొగ్గుకు కృపావరమ్మ పరీక్ష

నాకు కోపం ఎక్కువ. ఈ మాట నేను చెప్పుకోనక్కర్లేదు, ఆళ్లగడ్డలో ఉలి పట్టుకున్న ఎవరిని అడిగినా చెబుతారు. నా పేరు మద్దిలేటి ఆచారి. ముప్పై తొమ్మిదేళ్లుగా ఇక్కడి శిల్పులకు ఉలులు కొట్టి, పదును పెట్టి ఇస్తున్నాను. విగ్రహం బాగా కుదిరితే శిల్పికి శాలువా కప్పుతారు, ఉలి విరిగితే మాత్రం నన్ను తిడతారు. పోనీలే అని సర్దుకునే మనిషిని కాను. తిట్టినవాణ్ణి అక్కడికక్కడే తిరిగి తిడతాను. అలాంటి నేను ఒక్క మనిషి ముందు మాత్రం నోరు మూసుకుని కూర్చుంటాను. ఆమె పేరు కృపావరమ్మ. నంద్యాల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో బొగ్గును పరీక్ష చేసే పని ఆమెది. ఫ్యాక్టరీ పేరు రాయొద్దని ఆమే చెప్పింది. చెప్పకపోయినా రాసేవాణ్ణి కాదు. నాకు మేలు చేసింది ఫ్యాక్టరీ కాదు, ఆమె.

ఆమె గురించి చెప్పాలంటే ముందు నేను దాచుకున్న సంగతి ఒకటి బయటపెట్టాలి. కరోనా రెండోసారి వచ్చిన ఏడాది నేనూ మంచాన పడ్డాను. లేచాక చూసుకుంటే ముక్కుకు వాసన తెలియడం లేదు. అందరికీ పదిరోజులకో నెలకో తిరిగి వచ్చింది. నాకు రాలేదు. తాలింపు వేస్తే కళ్లు మండుతాయి గానీ వాసన ఉండదు. మల్లెపూలకూ కిరసనాయిలుకూ నాకు తేడా లేకుండా పోయింది. ఈ సంగతి నా భార్య రామేశ్వరమ్మకు కూడా చెప్పలేదు. కూర మాడినా గమ్మున తింటున్నానంటే వయసుతో పాటు బుద్ధి వచ్చిందనుకుని సంతోషించింది పాపం.

ముక్కు పోతే ఉలులు కొట్టేవాడికి ఏం నష్టం అంటారేమో. మా కొలిమిలో మండేది రాక్షసి బొగ్గు, అంటే గనుల్లోంచి తవ్వి తీసే బొగ్గు. దాన్ని కొనేటప్పుడు మా నాయన చిన్న గడ్డ విరిచి, నిప్పుల మీద వేసి, వంగి వాసన చూసేవాడు. గంధకం ఎక్కువున్న బొగ్గైతే కంపు కొడుతుంది. ఆ బొగ్గులో కాల్చిన ఉక్కు చూడటానికి ఎర్రగా బాగానే ఉంటుంది, సుత్తి పడేసరికి అంచులో కంటికి కనపడని పగుళ్లు వేస్తుంది. తర్వాత ఎంత పదును పెట్టినా ఆ ఉలి నిలబడదు. నాయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య సుత్తి కొట్టడం కాదు, వాసన చూడటం.

ముక్కు పోయిన మొదటి మూడేళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. నంద్యాలలో మాకు ఎప్పటినుంచో బొగ్గు ఇచ్చే ముసలాయన ఉండేవాడు, ఆయన ఇచ్చింది కళ్లు మూసుకుని తెచ్చుకునేవాణ్ణి. ఆయన కొట్టు ఎత్తేశాక కొత్తవాడి దగ్గర కొనాల్సి వచ్చింది. గడ్డలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అక్కడక్కడా ఇత్తడి తీగలాంటి గీతలు కూడా మెరుస్తున్నాయి. ఇంత మెరుపున్న బొగ్గు చెడ్డదెలా అవుతుందని తొమ్మిది మూటలు తెచ్చి పడేశాను. అవి అయిపోతే అతని దగ్గరే మళ్లీ తొమ్మిది తెచ్చేవాణ్ణి. ఈ బొగ్గు కంపు ఎక్కువగా ఉందని రామేశ్వరమ్మ రెండు మూడుసార్లు అన్నది. కొలిమి సంగతి నీకు తెలుసా నాకు తెలుసా అని కసిరి నోరు మూయించాను. ఆ మాట వింటే నా ముక్కు సంగతి ఒప్పుకోవాలి కదా, అదీ నా భయం.

ఉలులు విరగడం మొదలైంది. పది ఉలులు ఇస్తే రెండు మూడు వెనక్కి తెచ్చి చూపించేవారు. తర్వాత చూపించడం మానేసి, రావడమే మానేశారు. ఆచారికి వయసు మీద పడింది, చెయ్యి పోయింది అన్న మాట హైవే పొడుగునా ఉన్న శిల్పుల షెడ్లన్నిటికీ పాకింది. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. పదును పెట్టేటప్పుడు ఉక్కు మీద రంగు మారుతుంది, గడ్డి రంగు వచ్చి వంకాయ రంగు తిరగబోయే క్షణంలో నీళ్లలో ముంచాలి. ఆ క్షణం నా కంటికి, నా చేతికి అందడం లేదేమో అనిపించింది. అదే నిజమైతే కొలిమి చల్లార్చేసి కూర్చోవాలి. నాకు వేరే పని రాదు.

కృపావరమ్మను మొదటిసారి చూసింది సురేష్ షెడ్డులో. సురేష్ నా దగ్గర ఉలులు చేయించుకునే శిల్పుల్లో గట్టివాడు, చివరిదాకా మిగిలినవాడు. ఆళ్లగడ్డ అనగానే అందరూ దేవుళ్ల విగ్రహాలే అనుకుంటారు గానీ, సమాధి రాళ్లు కూడా మావాళ్లు చెక్కుతారు. కృపావరమ్మ వాళ్లమ్మ రూతమ్మ పోయిన ఏడాది చనిపోయింది. మిడుతూరు అవతల వాళ్ల పల్లెలో ఉన్న సమాధికి నల్లరాయి మీద పేరు చెక్కించాలని ఆమె వచ్చింది. మొదటి అక్షరం ముత్యంలా వచ్చింది. రెండోది చెక్కుతుండగా ఉలి మొన విరిగి, అక్షరం మీద అడ్డంగా వేలెడు గాటు పడింది. సరిగ్గా అప్పుడే నేను ఆ రోజు ఉలులు గోనెసంచిలో చుట్టుకుని లోపల అడుగుపెట్టాను.

సురేష్ నా వైపు తిరిగి, "ఆచారప్పా, నీ చెయ్యి అయిపాయె. ఇంగ చాలించు," అన్నాడు. వాడు అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. మెల్లగా అన్నాడు. దాంతో నాకు ఇంకా మండిపోయి, వాడి రాయి బాగాలేదని, వాడికి ఉలి పట్టుకోవడమే రాదని, వాళ్ల నాయనకు కూడా రాదని, నోటికొచ్చిందల్లా అన్నాను. మేమిద్దరం ఇలా కొట్లాడుకుంటుంటే కృపావరమ్మ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. వంగి, రాతిపొడిలోంచి విరిగిన మొన వెతికి తీసి, వెలుతురుకు పెట్టి చూసింది. తన తల్లి పేరు మీద గాటు పడితే ఏడవాల్సిన మనిషి, ఇనుపముక్కను తిప్పి తిప్పి చూస్తోంది.

"ఏ బొగ్గులో కాలుస్తాండావన్నా?" అని అడిగింది.

నీకెందుకమ్మా అన్నాను. ఆమె కోపం తెచ్చుకోకుండా తన ఉద్యోగం సంగతి చెప్పింది. బొగ్గులో ఏముందో చూసి చెప్పడమే తన పనని, ఒక కిలో తెస్తే లోపం చేతిలో ఉందో బొగ్గులో ఉందో తేలిపోతుందని చెప్పింది. సురేష్ వెంటనే ఆ మాట పట్టుకున్నాడు. తేలేదాకా నా ఉలి తన షెడ్డులోకి రావడానికి లేదన్నాడు. నేను తెచ్చిన ఉలుల చుట్టను విప్పకుండానే బల్ల కిందికి తోసేశాడు. అంటే నా బతుకు ఒక కిలో బొగ్గు మీదికి వచ్చి కూర్చుంది.

ఆ కిలో బొగ్గును నేను ఎలా తయారుచేశానో చెబితే మీరు నవ్వుతారు, కానీ మావాళ్లు ఎవరైనా అలాగే చేస్తారు. పెద్ద ఆఫీసుకు పోతూ చేత్తో ఏదైనా పట్టుకుపోతుంటే చెత్త పట్టుకుపోతామా? మూటల పైనుంచి నున్నటి గడ్డలు ఒక్కొక్కటే ఏరాను. అంటుకున్న మట్టిని గీకాను. రామేశ్వరమ్మ వాటిని మూడు నీళ్లు పోసి కడిగింది. మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టి, ఏదో పెళ్లిలో ఇచ్చిన కొత్త గుడ్డసంచిలో పెట్టి ఇచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను.

ల్యాబు అంటే ఏదో అనుకున్నాను గానీ, అది కూడా ఒక రకం కొలిమే. ఆమె గడ్డల్ని దంచి, మిషన్లో వేసి, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా చేసింది. చిన్న చిన్న పింగాణీ గిన్నెల్లో ఒక్కొక్క గ్రాము తూచింది. ఒకదాన్ని కాస్త వేడి మీద పెడితే తడి ఎంతుందో తెలుస్తుందట. ఇంకోదానికి మూతపెట్టి ఏడు నిమిషాలు నిప్పులో ఉంచితే పొగై పోయేది ఎంతో తెలుస్తుందట. మూడోదాన్ని పూర్తిగా కాలిస్తే మిగిలేది బూడిద. గంధకానికి వేరే పరీక్ష, దానికి ఒక రోజు పడుతుందన్నది. నేను ఉక్కు రంగు చూసేటప్పుడు ఎలా ఊపిరి బిగబడతానో, తూకం చూసేటప్పుడు ఆమె అలాగే బిగబట్టింది. అది చూశాక ఈమె మా కులవృత్తి మనిషే అనిపించింది నాకు.

మూడో రోజు రమ్మంటే పోయాను. ఆమె కాగితం తీసి చదివింది. నూటికి తొమ్మిది పాళ్లు బూడిద. గంధకం అర పాలు కూడా లేదు. ఇంత మంచి బొగ్గు తమ ఫ్యాక్టరీకే రాదన్నది.

నేను బల్ల మీద కూలబడ్డాను. బొగ్గు మంచిదైతే చెడింది నా చెయ్యి. ఇంక మాట్లాడ్డానికి ఏముంది? కొలిమి అమ్మేయాలా, ఊరికే వదిలెయ్యాలా, రామేశ్వరమ్మకు ఏమని చెప్పాలి, ఇవే ఆలోచనలు. ఏడుపొచ్చింది. అక్కడ చిన్న వయసు పిల్లలు పనిచేస్తున్నారని మింగేశాను. లేచి దండం పెట్టి పోబోతుంటే కృపావరమ్మ ఆ కాగితాన్ని ఇంకా వదలకుండా చూస్తోంది. ఉండన్నా అని, ఈ బొగ్గు ఎక్కడినుంచి, ఎట్లా తీశావని అడిగింది. నేను చేసిన మర్యాదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఏరడం, గీకడం, కడగడం, గుడ్డసంచి, అన్నీ.

"కడిగినావా?"

"మూడు నీళ్లు పోసి కడిగినాం తల్లీ."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి నా పక్కనే బల్ల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకున్నాక మాత్రం ఆమెకూ కోపం వచ్చింది. "పెండ్లిచూపులకు తోలినట్ల తోలినావు గదన్నా. నాకు మంచి బొగ్గు వద్దు. నువ్వు రోజూ మండించే బొగ్గు కావాల," అన్నది. ఈసారి నన్ను నమ్మనని, ఆదివారం చర్చి అయ్యాక తనే వచ్చి తీసుకుంటానని చెప్పింది. నాకోసం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, సెలవు రోజు పాడుచేసుకుని, ఏ సంబంధమూ లేని మనిషి. అప్పటికింకా ఆమె ఊరూ పేరూ ఉద్యోగమూ తప్ప నాకేమీ తెలియదు.

తెలిసింది తర్వాత, ముక్కలు ముక్కలుగా. వాళ్లకు సెంటు పొలం లేదు. తల్లి కూలికి పోయి పిల్లల్ని పెంచింది. కృపావరమ్మ చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. పెళ్లయి నంద్యాల వచ్చి, ఇరవై రెండేళ్ల వయసులో ఫ్యాక్టరీ బొగ్గు యార్డులో గంప మోసే పనికి చేరింది. వచ్చిన ప్రతి లారీ మీదికీ ఎక్కి కాస్త కాస్త బొగ్గు తీసి ల్యాబుకు పంపాలి. మే నెలలో నంద్యాల ఎండకు లారీ మీద నిలబడితే కింద బొగ్గూ పైన సూర్యుడూ కలిసి మనిషిని వేయిస్తాయి. ఆ పనికి ఎవరూ ఒప్పుకోకపోతే ఈమె ఎక్కింది. పైపైన తీసుకుని దిగిపోకుండా కిందిదాకా తవ్వి తీసేది. ఎందుకు తవ్వుతున్నావని అప్పటి కెమిస్టు అడిగితే, జొన్నల బస్తా కొనేటప్పుడు మా అమ్మ చెయ్యి అడుగుదాకా పెట్టి చూస్తుంది సార్ అన్నదట. ఆ పెద్దాయన ఆ రోజే ఆమెను ల్యాబులోకి తీసుకుపోయి, ఆమె తీసిన బొగ్గు ఏమవుతుందో మొదటినుంచి చివరిదాకా చూపించాడు. పైన ఎండిన బొగ్గు, అడుగున తడి బొగ్గు ఉంటాయని, పైది మాత్రమే చూస్తే నీళ్లు కొని బొగ్గనుకుంటామని చెప్పాడు. ఆయన పేరు చెప్పేటప్పుడు ఆమె ఇప్పటికీ లేచి నిలబడుతుంది.

ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాసింది. లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. ల్యాబులో ఉద్యోగం వచ్చింది, లారీల మీద బొగ్గు తీసే పని మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. అది వచ్చిన రెండో ఏడు, అప్పుడున్న ఒక అధికారి, ఫలానావాళ్ల లారీలకు కిందిదాకా తవ్వొద్దు, పైన తీసుకుంటే చాలు అన్నాడు. ఆమె తల ఊపి, ఎప్పటిలాగే కిందిదాకా తవ్వింది. వచ్చిన అంకె వచ్చినట్టే రాసింది. అది కొంచెం మార్చమంటే మార్చనన్నది. మళ్లీ యార్డుకు తోశారు. పద్నాలుగు నెలలు గంప మోసింది. ఆ అధికారి పోయి అజయ్ కుమార్ అనే కొత్తాయన వచ్చాక, పాత కాగితాలు చూసి ఆయనే వెనక్కి పిలిపించాడు. నా బొగ్గు పరీక్షకు కూడా ఆయన అనుమతి అడిగే చేసింది. ఇదంతా ఆమె గొప్పగా చెప్పలేదు. "పద్నాలుగు నెల్లు మోసినా గానీ, అంకె మాత్రం మార్చల్యా అన్నా," అని, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం తెల్లచీరతో మా కొలిమి ముందు దిగింది. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ పట్ట, రెండు తాపీలు, చిన్న సుత్తి తీసింది. రామేశ్వరమ్మ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసిపెట్టి తినమంటే, పని అయ్యాకే అన్నది. ముందున్న మూటలోంచి తీసుకో అంటే వినలేదు. కొత్తగా తెచ్చిన తొమ్మిది మూటలూ కుమ్మరించమన్నది. రోజూ పారతో తీసుకోవడమే గానీ ఇలా కుమ్మరించి చూడని నాకే ఆశ్చర్యం వేసింది. పైన నిగనిగలాడే గడ్డలు పరిచి, అడుగున అంతా బూడిదరంగు పలకలూ మట్టీ పెట్టారు. ఇత్తడి గీతల్ని గోటితో గీకి, ఇది మెరుపు కాదన్నా, గంధకం ఉండేది ఇందులోనే అన్నది. అన్ని మూటల్లోంచీ పైనా మధ్యా అడుగునా తీసి పట్ట మీద పోసింది. పెద్ద గడ్డల్ని చితగ్గొట్టి, కలిపి, ధాన్యం రాశిలా ఎత్తుగా పోసింది. దాన్ని అరచేత్తో చదును చేసి, తాపీతో అడ్డంగా నిలువుగా గీత గీసి నాలుగు పాళ్లు చేసింది. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు ఉంచి, మిగతా రెండూ పక్కకు తోసింది. ఉంచినదాన్ని మళ్లీ కలిపి, మళ్లీ రాశి పోసి, మళ్లీ నాలుగు చేసింది. ఏ పాలు మంచిదో చూసుకుని ఉంచొద్దా అని అడిగాను. చూసుకోకూడదు కాబట్టే ఇట్లా చేసేదన్నది.

తర్వాతి విడత నన్ను చెయ్యమన్నది. కలుపుతుంటే చేతికి ఒక రాయి తగిలింది. అలవాటు చొప్పున తీసి విసిరేశాను. ఆమె లేచి, గోడవారగా పడిన ఆ రాయిని వెతికి తెచ్చి, మళ్లీ రాశిలో వేసింది. బియ్యం ఏరుతున్నావా, కొలిమిలో ఇది కూడా పడతాది గదా అని నన్ను కోప్పడింది. నన్ను కోప్పడి తిరిగి తిట్టించుకోకుండా బయటపడిన మనిషి ఊళ్లో లేడు కాబట్టి రామేశ్వరమ్మ గుడ్లప్పగించి చూసింది.

చివరికి కిలో బొగ్గు మిగిలింది. సంచిలో పోసి మూతి కట్టి, తేదీ రాసిన చీటీ అంటించింది. మంట ఎట్లా ఉంటుందో చూస్తాను, ఒక పార వేసి గాలి పెట్టమన్నది. రామేశ్వరమ్మ కొలిమికి గాలి ఊదే ఫ్యాను స్విచ్చి వేసి, నీళ్లు తేవడానికి లోపలికి పోయింది. పొగ లేచింది. కృపావరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది. నేను పట్టకారుతో నిప్పులు సర్దుతూ ఆ పొగలోనే హాయిగా నిలబడి ఉన్నాను. కొలిమి పొగ ఎప్పుడూ కళ్లు మండించేదే కాబట్టి నాకు తేడా ఏమీ తెలియలేదు.

"ఈ కంపు నీకు తెలీల్యా అన్నా?" అని అడిగింది.

అలవాటైపోయిందమ్మా అన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసింది. అబద్ధమని ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. మళ్లీ అడగలేదు. రామేశ్వరమ్మ నీళ్లు తెచ్చేసరికి చేతులు కడుక్కుని, ఉగ్గాని ఎంత బాగుందో చెబుతూ తిన్నది. ఆ రోజు నన్ను వదిలేసినందుకు ఆమెకు ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

గురువారం ఫోన్ చేసి సురేష్ షెడ్డుకు రమ్మన్నది. పోయేసరికి ఆమె అక్కడే ఉంది. సురేషూ, పక్క షెడ్ల నుంచి ఇంకో ముగ్గురు శిల్పులూ ఉన్నారు. రూతమ్మ పేరు సగం చెక్కిన రాయి బల్ల మీదే ఉంది. దాని మీద కృపావరమ్మ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివింది. కడిగి తెచ్చిన బొగ్గులో బూడిద తొమ్మిది, గంధకం అర లోపే. మూటలన్నీ కలిపి తీసిన బొగ్గులో బూడిద ఇరవై ఎనిమిది, గంధకం మూడున్నర. ఇంత గంధకంలో ఎవరు కాల్చినా ఉక్కు అంచు పగులుతుందని, అది ఎవరి చేతి తప్పూ కాదని చెప్పింది. సురేష్ కాగితాలు చేతిలోకి తీసుకుని రెండుసార్లు చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. తప్పుగా అన్నానప్పా అని నలుగురి ముందూ అన్నాడు. పదిహేను రోజుల తర్వాత నేను గుండెనిండా గాలి పీల్చుకున్న రోజది.

అక్కడితో అయిపోతే బాగుండేది. సురేష్ కాగితం మడతపెడుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"అప్పా, మీ నాయన వాసన చూసి బొగ్గు కొనేటోడని నువ్వే చెప్తివి గదా. నువ్వూ అట్లే కొంటావంటివి. ఇంత గంధకం ఉంటే నీకు వాసన రాల్యా?"

అందరూ నా వైపు చూశారు. చెయ్యి బాగుందని ఇప్పుడే తేలింది. ముక్కు లేదని చెబితే ఆ కాగితానికి విలువేముంది? బొగ్గు చూసుకోవడం చేతకానివాడికి ఉలి ఎవరిస్తారు? ఏదో ఒక అబద్ధం వెతుక్కుంటున్నాను. ఈలోగా కృపావరమ్మ అందుకుంది.

"అది తడి బొగ్గు తమ్ముడా. తడిగా ఉంటే వాసన అంతగా..."

ఆమె మొహం చూశాను. ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. కళ్లు కాగితాల మీదున్నాయి, చెవులదాకా ఎర్రబడి ఉంది. అబద్ధం చెప్పడం రాదు ఆమెకు. ఒక్క అంకె మార్చనన్నందుకు పద్నాలుగు నెలలు గంప మోసిన మనిషి, తన తల్లి పేరున్న రాయి ముందు నిలబడి, నలుగురు మగవాళ్ల ముందు, నాకోసం తప్పు చెప్పడానికి నోరు తెరిచింది. నా ముక్కు పోయిందంటే పోయింది. ఆమె మాట కూడా నా వల్ల పోతే నేను మనిషినేనా?

"వద్దమ్మా," అన్నాను. "నాకు ముక్కు లేదు సురేషా. నాలుగేండ్లాయె. కరోనాలో పోయింది, మళ్లా రాల్యా. మా ఇంటిదానికి గూడా చెప్పల్యా నేను."

సురేష్ వంగి బల్ల కింద చెయ్యి పెట్టాడు. పదిహేను రోజుల క్రితం తోసేసిన గోనెసంచి చుట్టను బయటికి లాగి, దుమ్ము దులిపి, నా చేతుల్లో పెట్టాడు. కొత్త బొగ్గు ఎక్కడ తేవాలో అమ్మను అడిగి తెచ్చుకో, ఇవి మళ్లీ కొట్టి సోమవారానికి ఇవ్వాలి అన్నాడు. మిగతా ముగ్గురిలో ఒకాయన, మావి కూడా పంపిస్తాను అన్నాడు. నేను ఏడ్చేశాను. ఈసారి మింగలేదు.

సోమవారానికి ఇచ్చాను. రూతమ్మకు సురేష్ ఇంకో రాయి కోసి, ఆ ఉలులతోనే పేరు చెక్కాడు. ఇప్పుడు ఏ లోడు వచ్చినా రాశి పోసి, నాలుగు పాళ్లు చేసి, కిలో సంచి కట్టి నంద్యాల బస్సులో పంపుతాను. ఆమె ఫోన్లో అంకెలు చదివి చెబుతుంది. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ గురువారం ఆమెను బస్టాండుదాకా దింపడానికి ఇద్దరం నడిచిపోతున్నాం. నేను చుట్టను సంకలో పెట్టుకుని, ఏం చెప్పాలో తెలియక, చివరికి ఉన్నమాటే అడిగాను.

"నాకోసం అబద్ధం చెప్పబోతివి గదమ్మా. ఎందుకట్ల?"

బస్టాండు చేరాం. అవతలివైపు పోయే బస్సొకటి వచ్చి పోయింది.

"నా పని అంకె చెప్పేది అన్నా. అది చెప్పినా. నీ ముక్కు సంగతి నేను చెప్పే పని గాదు," అన్నది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పకపోతే ఆ పాపం మోసుకొని పోయేదాన్నిలే. ఏమీ అయ్యేది గాదు," అన్నది.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుని, ఇంక పో అన్నట్టు చెయ్యి ఊపింది. నన్ను కన్నవాళ్లు కాక, నాకోసం తన మాటను పోగొట్టుకోవడానికి సిద్ధపడిన మనిషిగా నేను అరవై ఏళ్లలో ఆమెను ఒక్కదాన్నే చూశాను. బస్సు కదిలి, మలుపు తిరిగేదాకా రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాను.